బీడు కాదు.. పక్షుల నెలవు

మిడుతూరు: చెట్లు పెద్దగా లేని చోట పక్షుల కేంద్రమేమిటని రోళ్లపాడుకు తొలిసారి వచ్చేవారు విస్తుపోతుంటారు. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని ఈ అభయారణ్యం దట్టమైన అడవి కాదు, గడ్డిభూమి. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లే. బట్టమేక పక్షి సంరక్షణకు 1988లో దీనిని ఏర్పాటు చేశారు.

సుమారు మీటరు ఎత్తుండే బట్టమేక నేలపైనే సంచరిస్తూ మిడతలు, గింజలు, బల్లులు తింటుంది. నేలపైనే సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. అది పశువుల కాళ్ల కింద పడినా, కుక్కల నోట చిక్కినా ఆ విడత సంతానం లేనట్లే. పైగా మేతకు కంచె దాటి పొలాల్లోకీ వెళ్తుంది. సాగునీటి రాకతో ఆ పొలాల్లో వర్షాధార పైర్లు తగ్గాయి. అందుకే కంచె ఒక్కటే దానిని కాపాడలేకపోయింది. ఇటీవలి ఏళ్లలో బట్టమేక ఇక్కడ కనిపించడమే గగనమైంది. దేశంలో స్వేచ్ఛగా తిరిగేవి సుమారు 150 మాత్రమేనని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

అయినా రోళ్లపాడు బోసిపోలేదు. శీతాకాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు ఇక్కడికి వలస వస్తాయి. పగలు పొలాలపై మిడతలను, ఎలుకలను వేటాడి, పొద్దుగూకే వేళకు గడ్డిలోకి దిగి నేలపైనే నిద్రిస్తాయి. వీటిని చూడగోరేవారు అటవీ శాఖ అనుమతితో సూర్యాస్తమయానికి ముందే చేరుకోవాలి. దారి వీడకుండా, దూరం నుంచి బైనాక్యులర్‌తో వీక్షించడం మేలు. గడ్డిలో అడుగుపెడితే పక్షులు బెదిరి లేచిపోతాయి.

గడ్డినేలను వట్టి బీడుగా తలచి దున్నినా, పచ్చదనం పేరిట చెట్లతో నింపినా ఈ పక్షులకు చోటు మిగలదు.