ఆన్‌లైన్ బోధన పట్ల కళాశాల విద్యార్థుల వైఖరి, మానసిక క్షేమం: తెలుగు ప్రశ్నావళి ఎదుర్కొనే సమస్యలు

వ్యాససంగ్రహం:
2020 మార్చి తరువాత తెలుగు రాష్ట్రాల కళాశాలలలో తరగతి గది స్థానంలోకి ఫోను తెర వచ్చింది. ఆ మార్పు పట్ల విద్యార్థుల వైఖరికీ, వారి మానసిక క్షేమానికీ గల సంబంధాన్ని ప్రశ్నావళుల ద్వారా కొలిచే ప్రయత్నం విద్యాశాస్త్ర, మనోవిజ్ఞాన శాఖలలో కొనసాగుతున్నది. ఆ ప్రశ్నావళులలో ‘వైఖరి’గా నమోదయ్యేది చాలావరకు విద్యార్థి ఇంటి పరిస్థితేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొలమానాల ఎంపికలోను, వాటి తెలుగు అనువాదంలోను, నమూనా సేకరణలోను ఎదురయ్యే చిక్కులను వివరిస్తుంది.

కీలకపదాలు: ఆన్‌లైన్ బోధన, వైఖరి, మానసిక క్షేమం, ప్రశ్నావళి, అనువాదం, డిగ్రీ విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చేనాటికి భారతదేశంలో ఆన్‌లైన్ విద్య కొత్తదేమీ కాదు. ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి చేపట్టిన ఎన్‌పీటెల్ 2003 నుండి ఉన్నది. ‘స్వయం’ వేదిక 2017 జూలైలో ప్రారంభమైంది. స్వయం పాఠ్యక్రమానికి ఒక నిర్మాణం ఉంది. దృశ్యపాఠం, చదువుకొనే సామగ్రి, స్వీయ మూల్యాంకనం, చర్చావేదిక అనే నాలుగు భాగాలతో దానిని ముందుగానే రూపొందిస్తారు. లాక్‌డౌన్ కాలంలో జరిగినది ఇది కాదు. ఇంటి గోడకు ఫోను ఆనించి అధ్యాపకుడు చెప్పిన పాఠాన్ని మరొక ఇంట్లో విద్యార్థి విన్నాడు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవరాదని చార్ల్స్ హాడ్జెస్, అతని సహరచయితలు 2020 మార్చిలోనే హెచ్చరించి, రెండవ దానిని ‘అత్యవసర దూరబోధన’గా వేరు చేశారు.

తెలుగులో వెలువడే సర్వేలకు ఈ భేదం కీలకమైనది. “ఆన్‌లైన్ విద్య నాకు ఇష్టం లేదు” అన్న వాక్యం ఎదుట ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని గుర్తు పెట్టిన విద్యార్థి ఏ విద్యను నిరాకరిస్తున్నాడో ఆ వాక్యం తేల్చదు. ఒక సెమిస్టరులో స్వయం ద్వారా పొందగల క్రెడిట్ల పరిమితిని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో 20 నుండి 40 శాతానికి పెంచింది. కనుక ఈ ప్రశ్న కోవిడ్‌తో ముగిసిపోయినది కాదు.

2. వైఖరి - కొలమానం

వైఖరిని కొలవవచ్చునని ఎల్. ఎల్. థర్‌స్టన్ 1928లో వాదించాడు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన అంచెల పద్ధతి నేటికీ పరిశోధకుల చేతిలో ప్రధాన సాధనం. వైఖరిలో ఆలోచన, అనుభూతి, ప్రవర్తన అనే మూడు అంశాలుంటాయని బి.ఇడి. పాఠ్యపుస్తకాలు కూడా చెబుతాయి. అయితే మార్కులను కూడే సమయంలో ఈ విభజన మరుగున పడుతుంది. రికార్డు చేసిన పాఠాన్ని మళ్ళీ వినవచ్చు గనుక ఆన్‌లైన్ ఉపయోగకరమని ఒక విద్యార్థిని భావిస్తుంది. తెర ముందు కూర్చోవడం ఆమెకు విసుగు. హాజరు కోసం తప్పక కూర్చుంటుంది. ఈ మూడింటి సగటు ఐదింట మూడు దగ్గర ఆగితే, ఆమెది ‘మధ్యస్థ వైఖరి’ అని పట్టికలోకి ఎక్కుతుంది. వాస్తవానికి ఆమెలో మధ్యస్థమైనదేదీ లేదు.

సాంకేతికత స్వీకరణపై ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన నమూనా ఇక్కడ కొంత మేలు. ‘ఇది ఉపయోగకరం’ అన్న భావననూ, ‘ఇది సులభం’ అన్న భావననూ అది విడివిడిగా చూస్తుంది. కాని ఆ నమూనా కార్యాలయాలలో కంప్యూటరు వాడకం నేపథ్యంలో పుట్టింది. పరికరం ఎవరిది అన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. తెలుగు పల్లెలో మొదట తలెత్తేది ఆ ప్రశ్నే.

3. ఇల్లు, ఫోను, భాష

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో 4.4 శాతానికి, పట్టణ కుటుంబాలలో 23.4 శాతానికి మాత్రమే కంప్యూటరు ఉంది. అంతర్జాల సౌకర్యం గ్రామాలలో 14.9, పట్టణాలలో 42 శాతం కుటుంబాలకే అందింది. ఆ తరువాత స్మార్ట్‌ఫోన్లు విస్తరించిన మాట నిజం. అయితే ఇంట్లో ఫోను ఉండడం వేరు, తొమ్మిదిన్నర తరగతికి అది విద్యార్థి చేతిలో ఉండడం వేరు. ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది. మిగిలిన వేళ అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో పంచుకోవాలి. “మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా?” అని అడిగే ప్రశ్నావళి ఈ తేడాను పట్టుకోలేదు. “నిన్నటి తరగతుల సమయంలో ఫోను ఎవరి దగ్గర ఉంది?” అని అడిగితే సమాధానం మారుతుంది.

వసతిగృహాల మూసివేత ప్రభావం ఇంతకన్న లోతైనది. సంక్షేమ వసతిగృహాలలో, తెలంగాణలో 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలలో చదివే అమ్మాయిలకు హాస్టలంటే కేవలం బస కాదు. వంట, నీళ్ళు, పశువుల పని, పెళ్ళి మాటలు దాటి రోజులో కొన్ని గంటలు తమవిగా దక్కే చోటు అది. ఇంటికి చేరిన విద్యార్థిని పాఠం వింటూనే పొయ్యి దగ్గర ఉంటుంది. “ఆన్‌లైన్ తరగతిలో నాకు ఏకాగ్రత కుదరదు” అని ఆమె అంటే, ఆ లోపం ఆన్‌లైన్‌దో పొయ్యిదో విడదీయకుండా విశ్లేషణ ముందుకు సాగరాదు.

వీడియో సమావేశాల అలసటకు జెరెమీ బైలెన్‌సన్ 2021లో నాలుగు కారణాలు సూచించాడు. దగ్గరగా కనిపించే ముఖాల ఎడతెగని చూపు, సైగలను పోల్చుకోవడానికి పడే అదనపు శ్రమ, తన ముఖాన్ని తానే చూస్తూ ఉండడం, కదలికకు వీలు లేకపోవడం. మన డిగ్రీ తరగతికి ఈ సిద్ధాంతాన్ని నేరుగా అన్వయించడం కష్టం. డేటా మిగుల్చుకోవడానికో, ఇల్లు కనిపించకూడదనో విద్యార్థులు కెమెరా ఆపేస్తారు. దానితో చూపు, స్వీయబింబం అనే రెండు కారణాలూ దాదాపు తొలగిపోతాయి. అయినా అలసట మిగిలే ఉంటుంది. మధ్యలో తెగిపోయే మాట, సగం వినిపించిన సూత్రం, “సార్, మళ్ళీ చెప్పండి” అనడానికి అడ్డొచ్చే మొహమాటం దానికి మూలాలు. అటు అధ్యాపకునికి కనిపించేవి నల్లని గడులు, పేర్లు మాత్రమే. వాటిని ఆయన నిరాసక్తతగా అర్థం చేసుకొనే అవకాశం ఉంది. ఈ అపార్థానికి అంతర్గత మార్కుల రూపంలో మూల్యం చెల్లించేది విద్యార్థే.

భాష సంగతి ఎక్కువగా విస్మరణకు గురవుతున్నది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి డిగ్రీలో ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చిన విద్యార్థికి తరగతి గదిలో ఒక ఆసరా ఉంటుంది. పక్క బెంచీవాణ్ణి తెలుగులో గుసగుసగా అడిగి తెలుసుకోవచ్చు. ఆన్‌లైన్ తరగతి ఆ పక్క బెంచీని తీసేసింది. దీనిపై ప్రశ్న చేర్చిన ప్రశ్నావళులు అరుదు.

4. మానసిక క్షేమం - తెలుగు మాట

మానసిక క్షేమమంటే రుగ్మత లేకపోవడం మాత్రమే కాదు. డాస్-21 వంటి సాధనం కుంగుబాటును, ఆందోళనను, ఒత్తిడిని కొలుస్తుంది. అందులో తక్కువ మార్కులు రావడమంటే క్షేమం ఎక్కువని కాదు. ఈ రెండింటినీ తారుమారు చేసి వాడడం పొరపాటు. క్షేమాన్నే నేరుగా అడిగేది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐదు ప్రశ్నల సూచిక. గత రెండు వారాల అనుభవానికి సంబంధించిన ఐదు వాక్యాలకు 0 నుండి 5 వరకు మార్కులిచ్చి, మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తారు. నూటికి 50 కన్న తక్కువ వస్తే మరింత పరిశీలన అవసరమని భావిస్తారు. అది రోగనిర్ధారణ కాదు. పైగా వైఖరి ప్రశ్నలు సెమిస్టరు మొత్తాన్ని ఉద్దేశించినవైతే, ఈ సూచిక రెండు వారాలనే అడుగుతుంది. ఆ రెండు వారాలు పరీక్షల్లో పడితే ఫలితం పరీక్షలదే అవుతుంది.

అనువాదం దగ్గర చిక్కు పెరుగుతుంది. సూచికలోని ఒక వాక్యం మనసు నెమ్మదిగా, బిగువు లేకుండా ఉన్న స్థితిని అడుగుతుంది. దానిని ‘ప్రశాంతంగా, విశ్రాంతిగా ఉన్నాను’ అని తెలుగు చేస్తే, ఇంటిపనిలో ఉన్న అమ్మాయి ‘విశ్రాంతి’ని తీరికగానే అర్థం చేసుకుంటుంది. తనకు తీరిక లేదు గనుక సున్నా పెడుతుంది. మనసు సంగతి అక్కడ నమోదు కాదు. బ్రిస్లిన్ 1970లో సూచించిన తిరుగు అనువాద పద్ధతి ఈ దోషాన్ని పట్టుకోలేదు. తిరిగి అనువదించే వ్యక్తి ఇంగ్లీషు తెలిసినవాడు గనుక మూల పదాన్నే చేరుకుంటాడు.

‘ఆందోళన’ మరొక ఉదాహరణ. శాస్త్రగ్రంథంలో అది మానసిక స్థితి, పత్రికలో అది ధర్నా. ‘కుంగుబాటు’ వార్తల్లో తప్ప విద్యార్థి నోట వినిపించదు. వారి మాటలు వేరు: దిగులు, బెంగ, గుబులు, ‘ఏమీ తోచడం లేదు’. తెలంగాణలో రంది, బుగులు. ఇవి పర్యాయపదాలు కావు. బెంగకు దూరమైన మనిషో చోటో ఉంటుంది. బుగులులో భయం పాలు ఎక్కువ. తోచకపోవడం రోగమూ కాదు, సుఖమూ కాదు. లాక్‌డౌన్ నెలల్లో విద్యార్థులు అనుభవించిన స్థితికి బహుశా ఈ చివరి మాటే దగ్గరగా ఉంది. ఏ ప్రామాణిక కొలమానంలోనూ దానికి గడి లేదు. ప్రశ్నావళిని ఖరారు చేయక ముందు పదిమంది విద్యార్థులను కూర్చోబెట్టి, ప్రతి వాక్యాన్నీ వారి మాటల్లో తిరిగి చెప్పించుకోవడం గణాంక పరీక్షలకంటే ముందు జరగవలసిన పని.

5. సహసంబంధం, నమూనా, బాధ్యత

ఆన్‌లైన్ పట్ల సానుకూల వైఖరి ఉన్నవారిలో క్షేమం ఎక్కువ అని తేలినప్పుడు, వైఖరిని మారిస్తే క్షేమం పెరుగుతుందన్న సిఫారసు చేయడం తొందరపాటు. దిగులులో ఉన్న విద్యార్థికి ఆన్‌లైనే కాదు, ఏదీ నచ్చదు. సొంత గది, సొంత ఫోను ఉన్నవానికి రెండూ బాగుంటాయి. ఇంటి పరిస్థితిని వేరుగా కొలిచి, దాని ప్రభావాన్ని తొలగించి చూసిన తరువాత ఆ సంబంధం ఎంత మిగులుతుందో అదే అసలు ఫలితం.

నమూనా మరొక సమస్య. గూగుల్ ఫారం లంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టి సేకరించిన సమాధానాలలో డేటా లేనివారు మొదటే ఉండరు. అంతర్జాలం అందనివారి అభిప్రాయాన్ని అంతర్జాలం ద్వారా సేకరించడమనే వైరుధ్యం అనేక అధ్యయనాలలో ‘పరిమితులు’ శీర్షిక కింద ఒక వాక్యంతో సరిపెట్టబడుతుంది. లంకె పంపిన అధ్యాపకుడే అంతర్గత మార్కులు వేసేవాడైతే, పేరు అడగకపోయినా విద్యార్థి జాగ్రత్తగానే సమాధానం ఇస్తాడు. వేరే కళాశాలకు చెందిన పరిశోధకుడు కాగితం మీద, కళాశాల తెరిచిన రోజున సేకరించిన సమాచారం సంఖ్యలో తక్కువైనా విలువలో మిన్న.

చివరిగా, పి.హెచ్.క్యు.-9 వంటి సాధనంలో తొమ్మిదవ ప్రశ్న చావు గురించిన, తనకు తాను హాని చేసుకోవడం గురించిన తలంపులను అడుగుతుంది. పేరు లేని ఫారంలో ఒక విద్యార్థి దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని గుర్తు పెడితే పరిశోధకునికి అతడెవరో తెలియదు, చేరుకొనే దారి ఉండదు. అటువంటి ప్రశ్నను చేర్చదలచిన పరిశోధకుడు ముందుగానే మానసిక వైద్యనిపుణుని సహకారం కుదుర్చుకోవాలి. సహాయం కోరేవారు తమ వివరాలు ఇచ్చే వీలును ఫారంలో వేరుగా కల్పించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి సంఖ్య 14416 ఆ ప్రశ్నకు వెనువెంటనే, అదే పుటలో, తెలుగులో కనిపించాలి. కృతజ్ఞతలు తెలిపే చివరి పుట వరకు ఆ విద్యార్థి చేరకపోవచ్చు.