మహనీయుల వరుస – ఎవరి గణన వారిది

లోకచరిత్రలో మిక్కిలి ప్రభావము గల మహనీయులెవరు? ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి ఈ విషయము వ్యాసరచనకై యిచ్చితిమి. శ్రీకృష్ణదేవరాయలు తెలుగువారని యొకడు, కన్నడిగులని వేరొకడు వాదులాడుకొని తీర్పునకై మా కడకు వచ్చిరి. నాడు వారికి చెప్పిన మాటలే తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము.

ఇట్టి గణన యెల్లెడల నొక్క రీతిగా నుండదు. అమెరికా దేశీయుడగు మైకేల్ హార్ట్ 1978లో నూరుగురి పట్టికను ప్రకటించి, మహమ్మదు ప్రవక్తను ప్రథమస్థానమునను, న్యూటనును ద్వితీయస్థానమునను, ఏసుక్రీస్తును తృతీయస్థానమునను, బుద్ధుని చతుర్థస్థానమునను నిలిపెను. కాగితపు తయారీకి ప్రసిద్ధుడైన చీనా దేశీయుడు త్సాయ్ లున్‌కు ఏడవ స్థానము లభించినది; గాంధీమహాత్మునకు ఆ నూరుగురిలో చోటే లేదు. 2002లో బ్రిటిషు ప్రజలు తమవారిలో చర్చిలును అగ్రగణ్యునిగా నెన్నుకొనిరి. 1943 నాటి వంగదేశపు క్షామమును మరువనివారు ఆయన నట్లు తలపగలరా? 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన కాటను దొర పేరు ఆ బ్రిటిషు పట్టికలో లేదు. గోదావరి సీమలో పెక్కు ఊళ్ళయందు ఆయన విగ్రహములున్నవి. గాంధీజీని మినహాయించి 2012లో మన దేశమున జరిగిన ఎన్నికలో అంబేద్కరు ప్రథములైరి. ఎవరికి మేలు కలిగెనో వారి హృదయమే కొలమానమగుచున్నది.

ఇక రాయలవారి సంగతి. వారు 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిరి. వంశము తుళువ, రాజధానియగు హంపి కర్ణాటకమున నున్నది, ఆముక్తమాల్యద తెలుగు కావ్యము, జాంబవతీ కల్యాణము సంస్కృత నాటకము. మనము ఆంధ్రభోజుడందుము, కన్నడిగులు కన్నడరాజ్య రమారమణుడందురు. రెండును సత్యములే.

విశ్వేశ్వరయ్యగారి మాటయు నట్టిదే. పూర్వుల గ్రామము ఆంధ్రలోని మోక్షగుండము, జన్మస్థలము ముద్దేనహళ్ళి. మైసూరువారు కన్నంబాడి కట్టను తలతురు. హైదరాబాదువారు 1908 నాటి మూసీ వరద పిమ్మట వారు చూపిన రక్షణోపాయమును తలతురు.

మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిని కన్నడము. మనము నిత్యము నడచు ఈ చిక్కపేట, 1537లో కెంపేగౌడ నెలకొల్పిన పేటలోనిది. ఆయన పేరు మన యిండ్ల పట్టికలో లేనిచో అది కృతఘ్నత. పోతన, వేమనల పేర్లు మరచినచో అది ఆత్మవిస్మృతి. ఒక పేరును నిలుపుటకు మరియొక పేరును చెరుపనక్కరలేదు.

కావున బిడ్డ ఒక మహనీయుని పేరు చెప్పినపుడు, "ఆయన మనవాడా?" అని యడుగకుడు. "ఏమి చేసెను? ఎవరికి మేలు కలిగెను? నీకెట్లు తెలిసెను?" అని యడుగుడు.

ఆ బాలురకు మేము తీర్పు చెప్పలేదు. తెలుగువారన్న వానిని హంపిని గూర్చియు, కన్నడిగులన్న వానిని ఆముక్తమాల్యదను గూర్చియు వ్రాసికొని రమ్మంటిమి. వారము దినములకు వ్రాసి తెచ్చిరి. తగవు మాట మరల నెత్తలేదు.