మిత్రుని అప్పునకు పూచీ

అనకాపల్లి జిల్లా దేవరాపల్లి పరిసరాలలో వరి, చెరకు పండుతాయి. పంట చేతికి వచ్చేవరకు రైతు చేతిలో డబ్బు ఆడదు. అందువల్ల అప్పు ఎంత పాతదో, మరొకరి అప్పునకు పూచీ పడటమూ అంత పాతదే. ఒకరు ప్రామిసరీ నోటు వ్రాస్తే, ‘వాడు ఇవ్వకపోతే నేనిస్తాను’ అని మరొకరు సంతకం చేయడం స్నేహధర్మంగా చెల్లుబాటు అవుతూ వచ్చింది.

ఈ పూచీని మన ప్రాచీనులు ఎంతో నిశితంగా పరిశీలించారు. యాజ్ఞవల్క్య స్మృతి పూచీని మూడు విధాలుగా విభజించింది. అప్పుపడినవానిని పిలిచినప్పుడు హాజరు పరుస్తానని చెప్పడం మొదటిది. అతడు నమ్మదగినవాడని చెప్పడం రెండవది. అతడు ఇవ్వకుంటే తానే ఇస్తాననడం మూడవది. మొదటి రెండూ పూచీపడినవాని కొడుకులను అంటవు, మూడవది అంటుంది. నలుగురి ఎదుట బలవంతంగా చెల్లించవలసివచ్చిన పూచీదారునికి, అప్పుపడినవాడు రెట్టింపు సొమ్ము ఇవ్వాలనే నియమం కూడా అందులో ఉంది. పోయిన ధనంతోపాటు పోయిన పరువుకు కూడా వెల కట్టారన్నమాట! ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

నేటి న్యాయానికి ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. దాని 126వ సెక్షన్ ప్రకారం హామీ నోటిమాటగానైనా, వ్రాతగానైనా ఉండవచ్చు. ఒప్పందంలో వేరే షరతు లేకుంటే హామీదారుని బాధ్యత అప్పుపడినవాని బాధ్యతతో సమానమని 128వ సెక్షన్ చెబుతుంది. పెక్కుమంది పొరబడేది ఇక్కడే. ముందుగా మిత్రుని ఆస్తిని జప్తు చేసి, అది చాలనప్పుడే తమ వద్దకు వస్తారని వారు తలుస్తారు. బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర ప్రసాద్‌ల వ్యాజ్యంలో కింది కోర్టు సరిగ్గా అటువంటి షరతునే విధించింది. 1968లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. బాకీదారుని ముందు వెంటాడవలసిన పని బ్యాంకుకు లేదు. నేరుగా హామీదారుని వద్దకే రావచ్చు.

క్రెడిట్ కార్డు బాకీ సంగతి కొంత వేరు. సాధారణంగా ఆ ఒప్పందం బ్యాంకుకు, కార్డుదారునికి మధ్యనే ఉంటుంది. హామీ ఇవ్వని మిత్రుడు ఆ బాకీకి బాధ్యుడు కాడు. వసూలు పేరిట కార్డుదారుని బంధుమిత్రులను వేధించరాదని రిజర్వు బ్యాంకు 2022 నాటి నిబంధనలలో స్పష్టం చేసింది. హరిశ్చంద్రుని వెంట నడిచిన నక్షత్రకునికి ఇటువంటి హద్దులు లేవు.

అయితే బాధ్యత మరొక దారిన వస్తుంది. దేవరాపల్లిలోని ఒక రైతును ఊహించుకుందాం. విశాఖపట్నంలో ఉద్యోగం పోయిన బాల్యమిత్రునికి కార్డుపై 50,000 రూపాయల బాకీ ఉంది. నెలకు 3.5 శాతం చక్రవడ్డీతో, అపరాధ రుసుములు కలపకుండానే, అది ఏడాదిలో సుమారు 75,500 అవుతుంది. మిత్రుని దుఃఖం చూడలేక రైతు తన పేరున అప్పు తీసుకొని ఆ బాకీ తీర్చాడు. ఆ క్షణం నుండి అతడు హామీదారు కూడా కాడు, అసలు బాకీదారే. వాయిదా తప్పితే ఆ మచ్చ అతని రుణచరిత్రలో నమోదవుతుంది. మరుసటి ఏడు సొంత సాగుకు అప్పు అడిగినప్పుడు బ్యాంకు చూసేది ఆ చరిత్రనే.

అదే రైతు హామీదారుగా సంతకం చేసి చెల్లించి ఉంటే, న్యాయంగా చెల్లించిన సొమ్మును మిత్రుని నుండి రాబట్టుకొనే హక్కును 145వ సెక్షన్ ఇచ్చేది. సహహామీదారులుంటే భారాన్ని పంచుకొనేవారు. ఇప్పుడు అతని చేతిలో ఉన్నది మిత్రుని మాట ఒక్కటే. ఒక నోటు వ్రాయించుకొని ఉంటే మూడేళ్లలోగా దావా వేయవచ్చు. ఆ కాగితం అడగడానికి కూడా అతనికి మొహమాటం అడ్డు వచ్చింది. పండుగకు ఊరికి వచ్చిన మిత్రుడు ఇప్పుడు ఆ వీధి తప్పించి నడుస్తున్నాడు.