సిఫారసు చేసేది ఎవరు? - ఆన్‌లైన్ అంగళ్లు, సామాజిక మాధ్యమాలలో వ్యక్తిగత సూచనలు

వ్యాససంగ్రహం:
ఆన్‌లైన్ అంగడిలోనూ సామాజిక మాధ్యమంలోనూ "మీ కోసం" అన్న శీర్షిక కింద కనిపించే సూచనలు చాలావరకు ఒకరి ప్రవర్తనను ఇతరుల ప్రవర్తనతో పోల్చే లెక్క నుంచి పుడతాయి. ఆ లెక్క పనితీరును వివరించి, తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే తెలుగు గ్రంథాలకూ వ్యక్తిగత గోప్యతకూ దానివల్ల కలిగే చిక్కులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిఫారసు, వ్యక్తిగత సూచన, సహకార వడపోత, గోప్యత, తెలుగు గ్రంథాలు.

1. ఉపోద్ఘాతం:
పారసీ మూలం గల 'సిఫారసు' అనే మాటకు తెలుగు వ్యవహారంలో స్పష్టమైన అర్థం ఉంది. ఒకరి గురించి గానీ, ఒక వస్తువు గురించి గానీ తెలిసినవారు మరొకరికి నచ్చజెప్పడమే సిఫారసు. చేసేవారికి ఇరుపక్షాలూ తెలిసి ఉంటాయి. చెప్పింది తప్పైతే వారి మాట పోతుంది. పాత పాఠకుణ్ణి గుర్తుపట్టి, కొత్తగా వచ్చిన పుస్తకాన్ని అతని చేతిలో పెట్టే పుస్తక విక్రేత చేసేది ఈ పనే. నేడు ఆ పనిని యంత్రం చేస్తున్నది. అయితే యంత్రానికి పాఠకుడూ తెలియడు, పుస్తకమూ తెలియదు. మరి దాని సూచన దేనిపై ఆధారపడుతున్నది?

2. సూచన వ్యవస్థల పుట్టుక:
1992లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రానికి చెందిన డేవిడ్ గోల్డ్‌బర్గ్ బృందం 'టాపెస్ట్రీ' అనే వ్యవస్థను వివరిస్తూ 'సహకార వడపోత' అనే భావనను ప్రతిపాదించింది. వెల్లువలా వచ్చే ఎలక్ట్రానిక్ ఉత్తరాలలో చదవదగినవాటిని ఏరుకోవడానికి తోటి పాఠకుల అభిప్రాయాలు తోడ్పడాలన్నది దాని లక్ష్యం. 1994లో 'గ్రూప్‌లెన్స్' ఈ పద్ధతిని స్వయంచాలకం చేసింది. పాఠకులు ఇచ్చిన మార్కులను పోల్చి, అభిరుచి కలిసినవారి మార్కుల ఆధారంగా తక్కినవాటిని అంచనా కట్టింది. కొనుగోలుదారుల సంఖ్య లక్షలకు చేరినప్పుడు మనిషిని మనిషితో పోల్చడం భారమవుతుంది. అందుకు బదులుగా వస్తువును వస్తువుతో పోల్చే విధానాన్ని అమెజాన్ అనుసరించింది. గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లో ప్రచురించిన వ్యాసంలో దానిని వివరించారు.

3. లెక్క తీరు:
ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ విధానాన్ని గ్రహించవచ్చు. ఒక వ్యాకరణ గ్రంథాన్ని 100 మంది కొన్నారనుకుందాం. వారిలో 30 మంది ఫోన్ ఛార్జరును, ఆరుగురు ఒక ఛందోగ్రంథాన్ని కొన్నారు. పైకి ఛార్జరుదే పైచేయి. కానీ అంగడి మొత్తంమీద ఛార్జరును కొన్నవారు 10,000 మంది. ఛందోగ్రంథాన్ని కొన్నవారు 8 మంది మాత్రమే. రెండు వస్తువులనూ కొన్నవారి సంఖ్యను, వాటిని విడివిడిగా కొన్నవారి సంఖ్యల లబ్ధానికి వర్గమూలంతో భాగిస్తే ఛార్జరుకు 0.03, ఛందోగ్రంథానికి సుమారు 0.21 వస్తాయి. కాబట్టి వ్యాకరణ గ్రంథం పక్కన ఛందోగ్రంథమే కనిపిస్తుంది. వ్యాకరణానికీ ఛందస్సుకూ గల శాస్త్రసంబంధం ఈ లెక్కలో ఎక్కడా లేదు. కొన్నవారి అడుగుజాడలే ఉన్నాయి.

4. తెలుగు గ్రంథాల స్థితి:
అడుగుజాడలు పలుచగా ఉన్నచోట ఈ లెక్క తడబడుతుంది. ఒక గ్రంథాన్ని ఇద్దరే కొని, వారిలో ఒకరు యాదృచ్ఛికంగా కుక్కరు కూడా కొంటే ఆ రెండింటికీ లేని చుట్టరికం ఏర్పడుతుంది. ఇటువంటి పొరపాట్లను నివారించడానికి కనీస సంఖ్యను నియమిస్తే, ఆ సంఖ్యను అందుకోని గ్రంథం సూచనల నుంచే తొలగిపోతుంది. కొన్ని వందల ప్రతులు మాత్రమే అచ్చయ్యే పరిశోధన గ్రంథాలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఒకే గ్రంథం పేరు ఒకచోట తెలుగు లిపిలోనూ మరొకచోట రోమన్ లిపిలోనూ నమోదైతే, ఉన్న కొద్దిపాటి జాడలూ రెండుగా చీలిపోవచ్చు. కనిపించనిది కొనుగోలు కాదు. కొనుగోలు కానిది కనిపించదు.

ఆదరణ ఆదరణను పెంచుతుందని మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ప్రకటించిన ప్రయోగం నిరూపించింది. 14 వేల మందికి పైగా శ్రోతలకు అంతగా పరిచయం లేని 48 పాటలను వినిపించారు. ఇతరులు ఎన్నిసార్లు దిగుమతి చేసుకున్నారో తెలిసిన బృందాలలో పాటల ఆదరణలోని అంతరం పెరిగింది. ఏ పాట పైకి వస్తుందో ఊహించడమూ కష్టమైంది. ఆదరణకు నాణ్యత ఒక్కటే కారణం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

5. గోప్యత:
జాడలు దట్టంగా ఉన్నచోట చిక్కు మరో రూపంలో వస్తుంది. 2006లో నెట్‌ఫ్లిక్స్ తన సూచనలను మెరుగుపరచేవారికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించి, 4,80,189 మంది 17,770 చిత్రాలకు ఇచ్చిన మార్కులను పేర్లు తొలగించి విడుదల చేసింది. అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని మరొక సినిమా వెబ్‌సైటులోని బహిరంగ మార్కులతో పోల్చి, కొందరిని గుర్తించవచ్చని చూపారు. సంస్థ తలపెట్టిన రెండో పోటీ 2010లో రద్దయింది.

అంగడి సమాచారం స్నేహవర్గంలోకి ప్రవహించినప్పుడు ఏమవుతుందో ఫేస్‌బుక్ 2007 నవంబరులో ప్రారంభించిన 'బీకన్' తెలిపింది. ఇతర వెబ్‌సైట్లలో సభ్యులు చేసిన కొనుగోళ్లు వారి మిత్రులకు వార్తలుగా చేరాయి. ముందస్తు అంగీకారం సరిగా తీసుకోలేదన్న నిరసన రేగడంతో మరుసటి నెలలోనే మార్క్ జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పారు. 2009లో ఆ ఏర్పాటు మూతపడింది. ఇక్కడ మిత్రుడు తనకు తెలియకుండానే సిఫారసుదారు అయ్యాడు.

6. చట్టం:
భారతదేశంలో 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, వస్తువుల వరుసక్రమాన్ని నిర్ణయించే ముఖ్య ప్రమాణాలను సులభమైన భాషలో వెల్లడించాలని ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 9వ విభాగం, కొన్ని మినహాయింపులతో, 18 ఏళ్ల లోపువారి ప్రవర్తనను గమనించడాన్నీ వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలనూ నిషేధించింది.

7. ముగింపు:
యంత్రసూచన పూర్వపు కొనుగోళ్ల సారాంశం. ఆ మేరకు ఉపయోగకరమే. కానీ దాని వెనుక మాట పోగొట్టుకునేవారు ఎవరూ లేరు. అందువల్ల తెరపై వచ్చిన జాబితాను విషయసూచికగా స్వీకరించే పరిశోధకుడు, బహుజనులు కొన్న గ్రంథాల పరిధిలోనే తన అంశాన్ని కుదించుకునే ప్రమాదం ఉంది. గ్రంథాలయ సూచికలు, గ్రంథసమీక్షలు, అధ్యాపకులు రూపొందించే పఠనీయ గ్రంథాల పట్టికలు ఈ లోటును పూరించగలవు. వాటిలో చేర్చిన ప్రతి గ్రంథానికీ చేర్చినవారు కారణం చెప్పగలరు. ఒక్కరే కొన్న గ్రంథానికైనా ఆ పట్టికలో చోటు దొరుకుతుంది.