పిల్లల నడకకు తగినట్టు

ఇంగ్లాండులోని హెల్వెల్లిన్ కొండ ఎత్తు 950 మీటర్లే. అయినా చలికాలంలో పైన మంచు, గాలి ఎలా ఉన్నాయో ఒకరు రోజూ ఎక్కి చూసి తెలియజేస్తారు. పిల్లలతో బయలుదేరేవారు ముందుగా ఆ సమాచారం చదవాలి. కింద వాన పడుతుంటే పైన మంచు కురుస్తుండవచ్చు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది.

నడిచే తండ్రికి చెమట పడుతుంది. ఆయన వీపున కదలకుండా కూర్చున్న పసివాడి ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. వాడు చెప్పలేడు. దారిలో ఆగి వాడి మెడ, ఛాతీ తాకి చూడాలి. చల్లగా ఉంటే శిఖరం దగ్గరలోనే ఉన్నా దిగిపోవాలి.

ఏశావు కలిసి వెళ్దామన్నప్పుడు యాకోబు, పిల్లల నడకకు తగినట్టు మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:12-14). సంఘాన్ని నడిపించేవారు కూడా తమ ఒంటి వేడిని కాక, బలహీనుల చలిని చూసి అడుగు వేయాలి.