మీథేను మంట: సమీకరణము చెప్పు లెక్క

కోనసీమ భూగర్భమున లభించు సహజవాయువులో ప్రధానమైనది మీథేను. 1995 జనవరి 8న పాసర్లపూడి 19వ బావినుండి ఈ వాయువు ఎగదన్ని అంటుకొనగా, ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలము నగరం గ్రామమున గెయిల్ సంస్థ గొట్టమునుండి వెలువడిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. వాయువు గాలిలో ఏపాటి కలిసిన ప్రమాదమో గ్రహించుటకు తరగతిలో నల్లబల్లపై వ్రాయు సమీకరణమే తోడ్పడును.

మీథేను అణువులో 1 కర్బన పరమాణువు, 4 ఉదజని పరమాణువులు ఉన్నవి. పూర్తిగా మండినచో కర్బనము బొగ్గుపులుసు వాయువుగను, ఉదజని నీటిఆవిరిగను మారును. మంట పరమాణువులను పుట్టింపదు, నశింపజేయదు. కనుక రెండు వైపుల లెక్క సరిపోవలెను. మొదట కర్బనమును, పిదప ఉదజనిని, చివర ఆమ్లజనిని సరిచూడవలెను. ఏలన, ఎడమవైపు ఆమ్లజని విడిగా ఉన్నది. దాని సంఖ్య మార్చినను తక్కిన లెక్క చెడదు. 1 కర్బనమునకు 1 బొగ్గుపులుసు వాయువు అణువు, 4 ఉదజనులకు 2 నీటి అణువులు. కుడివైపు ఆమ్లజని పరమాణువులు 4. అనగా 2 ఆమ్లజని అణువులు కావలెను.

మీథేను + 2 ఆమ్లజని → బొగ్గుపులుసు వాయువు + 2 నీరు

లెక్క కుదరలేదని నీటి అణువులో మరియొక ఆమ్లజనిని చేర్చరాదు. అది నీరు కాక హైడ్రోజన్ పెరాక్సైడు అగును. అణువుల ముందరి సంఖ్యలనే మార్చవలెను.

ఒకే ఉష్ణోగ్రత, పీడనములలో సమాన ఘనపరిమాణముగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని అవొగాడ్రో 1811లో ప్రతిపాదించెను. కావున 1 లీటరు మీథేనుకు 2 లీటర్ల ఆమ్లజని కావలెను. గాలిలో ఆమ్లజని సుమారు 21 శాతమే గనుక 9.5 లీటర్ల గాలి అవసరము. ఈ మిశ్రమములో మీథేను ఇంచుమించు 9.5 శాతము. గాలిలో మీథేను సుమారు 5 శాతమునకు తగ్గినచో మంట వ్యాపింపదు; 15 శాతము మించినచో ఆమ్లజని చాలదు. సమీకరణము చూపిన పాలు ఈ రెండింటి నడుమనున్నది. పాసర్లపూడిలో వాయువు గాలిని తాకినచోటనే మండుచుండెను. అంటుకొనక ముందే గాలితో ఈ పాళ్లలో కలిసినచో ఒక్క నిప్పురవ్వతో మిశ్రమమంతయు భగ్గుమనును.

వంటయింటి సిలిండరులోని బ్యూటేనులో 4 కర్బనములు, 10 ఉదజనులు ఉన్నవి. ఒక్క అణువునకు ఆరున్నర ఆమ్లజని అణువులు కావలసివచ్చును. అర అణువు ఉండదు గనుక అన్నిటిని రెట్టింపవలెను.

2 బ్యూటేను + 13 ఆమ్లజని → 8 బొగ్గుపులుసు వాయువు + 10 నీరు

1 లీటరు బ్యూటేనుకు సుమారు 31 లీటర్ల గాలి కావలెను. అనగా మిశ్రమములో బ్యూటేను 3 శాతమే! ఇంత స్వల్పమైనను గది ప్రేలగలదు. అందుచేతనే వాసన తగిలినప్పుడు అగ్గిపుల్ల గీయక, విద్యుత్ మీటను తాకక, ముందుగా తలుపులు తెరువవలెను.