బాతుల వెంట నడిచే ఇల్లు

సార్వా కోతలు ముగిసే రోజుల్లో ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే కాలువ గట్టు మీద నీలం బరకం కప్పిన గుడారం ఒకటి కనిపించింది. లోపల నులక మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, గుడ్లు సర్దే అట్టలు, ఫోను చార్జింగుకి ఒక సోలార్ పలక. పక్కనే వల చుట్టిన దొడ్డి. అందులో రాత్రంతా గడిపిన వెయ్యికి పైగా బాతులు తెల్లవారుజామున గుడ్లు పెట్టి, అప్పుడే కోసిన చేలోకి దిగుతున్నాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. మేత అయిపోగానే మందని తోలుకుని ఇల్లు ముందుకు కదులుతుంది. దూరమైతే మంద, మంచం, మనుషులు కలిసి వ్యానెక్కుతారు.

"మీదే ఊరు?" అని అడిగితే ఆ కాపరి, "ఎక్కడ కోతైతే అక్కడేనండి" అన్నాడు. వెంటనే తనూ ఒకటి అడిగాడు. "ఈ ఏడు మళ్ళీ ఆ రోగం వస్తదంటారా బాబూ?"

ఆ రోగం ఏదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తరువాత తాడేపల్లిగూడేనికి దగ్గరలోనే ఉన్న ఉంగుటూరు మండలం బాదంపూడిలో కోళ్ళు గుట్టలుగా చచ్చిపోయాయి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థకి వెళ్ళాయి. బర్డ్ ఫ్లూ అని తేలింది. రోగం కనబడిన చోటు నుంచి ఒక కిలోమీటరు మేర ఒక గిరి, పది కిలోమీటర్ల మేర మరో గిరి గీశారు. మొదటి దానిలో కోళ్ళని చంపి పూడ్చాలి, రెండో దానిలో రాకపోకల మీద కాపలా ఉండాలి. షెడ్డుకి చిరునామా ఉంటుంది కాబట్టి ఆ గిరి లోపలి షెడ్లని లెక్కపెట్టవచ్చు. బరకం గుడారానికి ఏ చిరునామా రాసుకోవాలి? నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ ప్రశ్నే.

ఇల్లు వెంటబెట్టుకుని తిరిగేవాళ్ళు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. అమెరికాలో వంటగది, పడక, స్నానాలగది అన్నీ ఉన్న బండిని ఆర్‌వీ అంటారు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు, హోటళ్ళు భయపెట్టినప్పుడు ఎందరో ఆ బండ్ల వైపు మళ్ళారు. 2021లో అక్కడ తయారై బయటికొచ్చినవి 6 లక్షలు. అడవిలో ఆగినా ఆఫీసు పని సాగాలంటే ఇంటర్నెట్ కావాలి. టీవీ ప్రసారాల ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడికి మాట వెళ్ళి జవాబు తిరిగొచ్చేసరికి అర సెకను పడుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గరే తిరుగుతాయి కాబట్టి ఆ జాప్యం ఉండదు. 2022 మేలో ఆ సంస్థ ఆర్‌వీల కోసమే ఒక పథకం పెట్టింది. ఆ బండి యజమాని డబ్బు కట్టి ఉపగ్రహాన్ని తన కప్పు మీదికి తెచ్చుకున్నాడు. కొల్లేరు సరస్సు దగ్గర కాలువ గట్టు మీది కాపరినీ ఉపగ్రహాలు చూస్తూనే ఉన్నాయి. అతని మేత ఎక్కడుందో, ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో వాటికి చాలావరకు తెలుసు. తెలిసిన సంగతి కిందికి దిగి అతని దాకా రావడం లేదు. నా బాధంతా అక్కడే.

ముందు బాతు సంగతి చూద్దాం. బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 కోళ్ళ షెడ్డులో పడితే రెండు మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ. ఒక్కోసారి బాతు మాత్రం పైకి ఏ జబ్బూ కనబడకుండానే వైరస్‌ని మోస్తుంది. అది బాతు పేగుల్లో పెరిగి రెట్టతో బయటికొస్తుంది. మడిలో నిలిచిన నీరు చల్లగా ఉంటే అక్కడ రోజుల తరబడి బతుకుతుంది, నీరు వేడెక్కితే త్వరగా చస్తుంది. ఎండాకాలం కన్నా చలికాలం భయం ఎక్కువ కావడానికి ఇదొక కారణం. కాబట్టి నీళ్ళున్న వరిచేను, అందులో మేసే మంద, అదే నీటిలో వాలే వలసపక్షి, పక్కనే కోళ్ళ షెడ్డు. ఈ నాలుగూ కలిసే చోటే చూసుకోవలసిన చోటు.

ఇది ఊహ కాదు. 2003 చివర్లో, 2004లో థాయ్‌లాండ్, వియత్నాంలలో బర్డ్ ఫ్లూ చెలరేగినప్పుడు మారియస్ గిల్బర్ట్ అనే బెల్జియం శాస్త్రవేత్త, అమెరికాలో పనిచేసే షియావ్ షియాంగ్‌మింగ్, వారి తోటివాళ్ళు ఆ రోగం కనబడిన ఊళ్ళని పటం మీద పెట్టి, దానికి ఏది బాగా అతుకుతుందో చూశారు. 2008లో వెలువడిన వారి పరిశోధనలో కోళ్ళ సంఖ్య కంటే బాతుల సంఖ్య, ఏడాదికి ఎన్ని వరి పంటలు పండుతాయన్నది, జనసాంద్రత, నేల ఎత్తు రోగానికి దగ్గరగా అతికాయి. రెండు మూడు పంటలు పండే పల్లపు డెల్టాలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కోత ఉంటుంది. కోత ఉన్నచోటికి మంద నడుస్తుంది. సార్వా, దాళ్వా అని రెండు పంటలు తీసే మనకి ఈ మాట చదవగానే గుండె ఝల్లుమనాలి. అచ్చం మన నేలనే వర్ణించినట్టుంటుంది.

ఎన్ని పంటలన్నది వాళ్ళు ఊరూరా తిరిగి అడగలేదు. ఉపగ్రహాన్ని అడిగారు. పచ్చని ఆకు మన కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. నీరు అంతకన్నా పొడవైన తరంగాల పరారుణ కాంతిని పీల్చేసుకుంటుంది. ఈ రెండు వెలుగుల నుంచి పచ్చదనానికి ఒక కొలత, తడికి ఒక కొలత కట్టవచ్చు. ఊడ్పుల రోజుల్లో మడి నిండా నీళ్ళు, మధ్యలో సన్నని నారు. అప్పుడు తడి కొలత పచ్చదనం కొలతని దాటుతుంది. నెల తిరిగేసరికి దుబ్బు కట్టి ఆకు నీటిని కమ్మేస్తుంది, పచ్చదనం పైకొస్తుంది. ఇలా ఒకదాన్నొకటి దాటే ముచ్చట వరిలో తప్ప వేరే పైరులో దాదాపు కనబడదు. ఏడాదిలో అది ఎన్నిసార్లు జరిగితే అన్ని పంటలు. తరువాత పచ్చదనం ఒక్కసారిగా పడిపోయిందంటే అక్కడ కోత అయిందన్నమాట. కాపరి ఫోను చేసి రైతుల దగ్గర కనుక్కునే సంగతీ అదే.

అప్పటి మోడిస్ అనే ఉపగ్రహ పరికరం తీసిన చిత్రంలో ఒక్కో గడి 500 మీటర్లు, అంటే దాదాపు 60 ఎకరాలు. మన చేలకి అది మరీ మొరటు కొలత. ఇప్పుడు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో గడి 10 మీటర్లే. ఎకరం చేనుకి 40 గడులు పడతాయి. అయిదు రోజులకోసారి తీసే ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం.

చిక్కల్లా మబ్బుతో. తుపాను రోజుల్లో మామూలు కెమెరా గుడ్డిది. అప్పుడు రాడార్ కావాలి. అది సూర్యుడి మీద ఆధారపడదు. తానే తరంగాన్ని పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది, మబ్బుని దాటిపోతుంది. నున్నని నీటి మీద పడిన తరంగం అద్దం మీద వెలుగులా అవతలికి జారిపోతుంది కాబట్టి చిత్రంలో నీరు నల్లగా ఉంటుంది. పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. మన ఇస్రో 2012లో పంపిన రిశాట్-1, 2022లో పంపిన ఈఓఎస్-04 ఇలాంటివే. వాటి తరంగం పొడవు అయిదారు సెంటీమీటర్లు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నింగికెగసిన నిసార్‌లో నాసా వారి 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. పొడవైన తరంగం ఆకుల మధ్య నుంచి దిగి కింద నీరుందో లేదో చెప్పగలదు. కొల్లేటిని చూసినవాళ్ళకి దీని విలువ వెంటనే తెలుస్తుంది. అక్కడ నీరెంతో కంటితో చూసి చెప్పడానికి లేదు. కిక్కిస, గుర్రపుడెక్క కప్పేసి ఉంటాయి.

కొల్లేటిని ఉపగ్రహం ఇదివరకే ఒకసారి మన ముందు నిలబెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2001 ఫిబ్రవరి 9 నాటి ఐఆర్‌ఎస్-1డి చిత్రాన్ని చదివి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 1,050 చేపల చెరువులు లెక్కపెట్టారు. ఎండినవి కూడా కలిపితే చెరువుల కింద పోయింది 42 శాతం. అప్పటికే, 1999లో, 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించి ఉన్నారు. 2002లో చిత్తడినేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు కొట్టారు. రోగానికీ దీనికీ ఏం సంబంధం అనకండి. సరస్సు కుంచించుకుపోతే అక్కడ వాలవలసిన పక్షి చెరువు మీద, చేను మీద వాలుతుంది. పరజలు, కొంగలు, మన పెంపుడు బాతులు ఒకే నీటిలో మూతి పెడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పటిలా నీరు పెరిగినా మెరక మీద జరిగేది అదే. పక్షులు వచ్చే నెలలు, సార్వా కోసిన చేలల్లో మందలు దిగే నెలలు ఒకటే కావడం మన కొల్లేటి క్యాలెండరులోని అసలు ముడి.

మరి పక్షి ఎక్కడి నుంచి వస్తుందో ఎలా తెలుసు? 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర వేల అడవిపక్షులు హెచ్5ఎన్1తో చచ్చిపోయాక ఈ ప్రశ్న తీవ్రమైంది. వాటిలో తల మీద రెండు నల్లగీతలుండే బార్‌హెడెడ్ గూస్ అనే బాతుజాతి పక్షులు ఎన్నో. చలికాలంలో అవి మన దేశానికొస్తాయి. ఒడిశాలోని చిల్కాలో, తమిళనాడులోని కూంతన్‌కుళంలో కొన్నింటిని పట్టి, వీపున సోలార్ పలక ఉన్న చిన్న పరికరాలు కట్టి వదిలారు. అవి హిమాలయాలు దాటి, దాదాపు 6,400 మీటర్ల ఎత్తున ఎగిరి వెళ్ళడం ఉపగ్రహం ద్వారానే లోకానికి తెలిసింది.

ఇందులోని కిటుకు ఏలూరు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఎవరికైనా అనుభవమే. ఆగని రైలు కూత వేస్తూ వచ్చేటప్పుడు శ్రుతి హెచ్చుగా, దాటిపోగానే తగ్గి వినిపిస్తుంది. పక్షి మీది పరికరం ఒకే శ్రుతిలో పలుకుతుంది. పైన దూసుకుపోయే ఉపగ్రహానికి అది మొదట హెచ్చుగా, తరువాత తగ్గుగా చేరుతుంది. ఏ క్షణాన మారిందో, ఎంత చటుక్కున మారిందో చూసి పక్షి ఎక్కడుందో లెక్కకడతారు. 1978లో మొదలైన ఆర్గోస్ పద్ధతి ఇది. తరువాతి పరికరాల్లో జీపీఎస్ కూడా చేరింది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన సరళ్ ఉపగ్రహం ఆర్గోస్ పరికరాన్ని మోసుకెళ్ళింది. రాజహంసలు దిగే పులికాట్ ఒడ్డు నుంచి లేచిన ఉపగ్రహం వలసపక్షుల జాడ విన్నదంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఉపగ్రహానికి వైరస్ కనబడదు. అది చూసేది నీటిని, పైరుని, పక్షి దారిని. ఏ వారంలో ఏ పల్లంలో ఇవి ఒకచోట కలుస్తాయో మాత్రమే అది చెబుతుంది. పక్షి దోషి కాదు, కాపరీ కాదు. షెడ్డుల మధ్య తిరిగే వాహనాలు, అట్టలు, చెప్పులు కూడా వైరస్‌ని మోస్తాయి. చచ్చిన కోళ్ళని కాలువలో పడేసే పాడు అలవాటైతే చెప్పనే అక్కర్లేదు. ఇక మనుషుల సంగతి. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద హెచ్5ఎన్1 సోకినట్టు తేలినవాళ్ళు 900 పైచిలుకు, వారిలో దాదాపు సగం మంది బతకలేదు. 2025లో మన రాష్ట్రంలోనూ ఒక పసిబిడ్డని పోగొట్టుకున్నాం. అయినా ఇది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం నేర్చుకోలేదు. ఆ నేర్పు రాకుండా చూడటమే శాస్త్రవేత్తల ఆరాటం. బాగా ఉడికిన గుడ్డు, మాంసం వల్ల భయం లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది.

భయం సంగతి ఏలూరుకి బాగా తెలుసు. 2020 డిసెంబరు మొదటి వారంలో దక్షిణపు వీధి నుంచి మొదలుపెట్టి జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రులకి చేరారు. కోవిడ్ ఏడాది కాబట్టి అందరి నోటా ఒకటే మాట, కొత్త వైరస్. పరీక్షల్లో బయటపడ్డవి సీసం, నికెల్, పురుగుమందుల అవశేషాలు. అదే ఏడు మొదట్లో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకి గుడ్ల ధర పడిపోయింది. సరైన కబురు వేళకి రాకపోతే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది. దాని దెబ్బ మొదట పడేది రోజు కూలితో, రోజు గుడ్డుతో బతికేవాడి మీదే.

2023లో మన ఫోన్లన్నీ ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా బుయ్యిమని మోగి తెర మీద హెచ్చరిక కనబడటం గుర్తుందా? సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష అది. దానికి ఎవరి నంబరూ, చిరునామా అక్కర్లేదు. ఫలానా టవర్ల కింద ఉన్న ప్రతి ఫోనుకీ కబురు వెళ్తుంది, స్థానిక భాషలోనే పంపవచ్చు. పది కిలోమీటర్ల గిరి గీసిన రోజునే ఆ టవర్లకి తెలుగులో ఒక మాట పంపితే చాలు: "ఇక్కడ బర్డ్ ఫ్లూ ఉంది. మందని కదపకండి, లోపలికి తేకండి, పశువైద్యుడికి ఫోను చేయండి." మందని ఆపమన్నప్పుడు మేతకి డబ్బు, మంద పోతే పరిహారం కూడా అదే కబురులో చెప్పాలి. లేకపోతే ఏ కాపరీ ఆగడు, రాత్రికి రాత్రి వ్యానెక్కిస్తాడు. నేనైనా అదే చేస్తాను. థాయ్‌లాండ్ 2004 తరువాత మందల తిరుగుడు మీద ఆంక్షలు పెట్టింది. మనం ఆంక్ష కన్నా ముందు కబురు పంపుదాం.

గుడారం దగ్గర కూర్చుని కాపరికి నా ఫోనులో సెంటినెల్ చిత్రం చూపించాను. అయిదు రోజుల నాటిది. కాలువ, రోడ్డు చటుక్కున పోల్చుకున్నాడు. గణపవరం వైపు నల్లటి మచ్చ ఒకటి ఉంటే, "ఇదిగో, ఇక్కడ నీళ్ళున్నట్టున్నాయి" అన్నాను.

అతను దగ్గరికి తీసుకుని చూశాడు. "నీళ్ళు కాదండి. ఆమధ్య కోతమిషను పోయాక కొయ్యకాళ్ళు తగలెట్టేశారు. అక్కడ గింజ మిగల్లేదు. అందుకే మేం ఇటొచ్చాం" అన్నాడు. లేచి, చేలోకి దిగిన మందని మళ్ళించడానికి కర్ర తీసుకుని గట్టు దిగాడు.